మన గుమ్మే గదా అని చెయ్యి పెడితే: గెట్టర్‌కూ ఫీల్డుకూ నడుమ పంచాది

మా ఊరి పాల కేంద్రంల బిల్లులు పంచిన రోజు. నేను అప్పుడు డిగ్రీ ఆఖరు సంవత్సరం. మా వాడకట్టు పెద్దమ్మ ఒక చేతుల పదిహేను దినాల చీటీల కట్ట, ఇంకో చేతుల బిల్లు కాయితం పట్టుకొని సక్కగ మా ఇంటికే వచ్చింది.

"కొడుకా, రోజూ ఇచ్చే చీటి మీద లీటరుకు యాభై అని ఉన్నది. బిల్లుల నలభై ఆరు లెక్కనే కట్టిండ్రు. నడుమ నాలుగు రూపాలు ఎవలు తిన్నరు?" అని అడిగింది.

ఆమె పూటకు మూడు లీటర్ల చొప్పున రోజుకు ఆరు లీటర్లు పోస్తది. పదిహేను దినాలకు 90 లీటర్లు. 50 లెక్కన 4,500 రావాలె. వచ్చినయి 4,140. తక్కువ పడ్డది 360 రూపాయలు. ఆమె ఒక్కదానికే కాదు, పాలు పోసినోళ్లందరికీ గట్లనే తగ్గినయి. పొద్దుమీకేసరికి చాయ్ హోటల్ కాడ ఒక్కటే ముచ్చట, కేంద్రం సెక్రటరీ పైసలు నొక్కిండని. ఇరవై ఏండ్ల సంది ఒక్క మాట పడని మనిషి ఆయన.

పైసలు ఆయన తినలే. ఎవలూ తినలే. తప్పు చేసింది నేను. కేంద్రం కోసం జావాల రాసిచ్చిన ప్రోగ్రాంల ఒకే ఒక్క లైను. ఆ లైను గురించే ఈ ముచ్చట. డిగ్రీల కంప్యూటర్సో, బీటెక్కో చదువుకుంట గెట్టర్లు, సెట్టర్లు బట్టీ కొడుతున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు జరంత ఓపికతోని చదువుండ్రి. ఇది ఇంటర్వ్యూల అడిగే ప్రశ్ననే కాదు, ఊర్ల ఒకరి ఇజ్జత్ పోయే లెక్క కూడ.

ఆ లైను ఏంది?

నేను రాసిన క్లాసు పేరు పాలఎంట్రీ. దాంట్ల రెండు ప్రైవేట్ ఫీల్డులు: లీటర్లు, ధర. కాలేజీల నేర్పినట్టే రెండింటికీ గెట్టర్లు పెట్టిన. గెట్‌ధర() అని పిలిస్తే ధరను తెచ్చి చేతుల పెడ్తది, అంతే. అదే క్లాసుల బిల్లు లెక్క కట్టే మెథడ్ ఒకటి ఉన్నది. అండ్ల ఇట్ల రాసిన:

బిల్లు = లీటర్లు × ధర

గెట్టర్‌ను పిలువలే. ఎందుకు పిలుస్తా? ఫీల్డు నా క్లాసుల్నే ఉన్నది. మన ఇంట్ల మనం తలుపు కొట్టి లోపటికి పోతమా? చీటి ప్రింటు చేసే క్లాసు వేరే. అది బయటిది కాబట్టి గెట్‌ధర() అనే పిలిచింది. ఆరు నెలలు అంతా మంచిగనే నడిచింది.

తర్వాత లీటరుకు నాలుగు రూపాయల ప్రోత్సాహకం కలపాలె అన్నరు. నేను పోయి గెట్టర్ల ఒక్క మాట మార్చిన: ధర + 4 ఇయ్యాలె అని. చీటి ప్రింటు తీసి చూస్తే 50 అని వచ్చింది. అయిపోయింది, మస్తు తెలివిగల్లోన్ని అనుకున్న. కని బిల్లు మెథడ్ గెట్టర్‌ను అడుగుతలేదు గదా. అది సీదా ఫీల్డుల చెయ్యి పెట్టి పాత 46 నే తీసుకుంటున్నది. చీటిది ఒక లెక్క, బిల్లుది ఒక లెక్క. రెండూ ఒకటే ఆబ్జెక్ట్ నోట్లకెళ్లి వచ్చినయే. ఎర్రర్ రాలే, ప్రోగ్రాం ఆగలే. పదిహేను దినాలు మౌనంగ తప్పు లెక్క కట్టుకుంట పోయింది.

గుమ్మి ముచ్చట

దీన్ని మా ఇంటి గుమ్మితోని చెప్తే జల్ది అర్థమైతది. ఇంట్ల వడ్ల గుమ్మి ఉన్నది. బయటోళ్లకు వడ్లు గావాలంటే అమ్మనడగాలె. వాళ్లొచ్చి గుమ్మిల చెయ్యి పెట్టరు. ఇది ప్రైవేట్ అన్న మాటకు అర్థం. దీని మీద ఎవలికీ పంచాది లేదు. 1972ల డేవిడ్ పార్నస్ అనే ఆయన ఒక వ్యాసం రాసి, ప్రోగ్రాంను ముక్కలు చేసేటప్పుడు రేపు మారే అవకాశం ఉన్న సంగతులను ఒక్కో ముక్కల దాచిపెట్టాలె, పక్క ముక్కకు తెల్వనియ్యొద్దు అని చెప్పిండు. మనం బట్టీ కొట్టే ఇన్ఫర్మేషన్ హైడింగ్ అన్న మాట అక్కడిదే.

అసలు పంచాది ఇంట్లోళ్ల గురించి. కొడుకు వడ్లు పట్టియ్యనీకి మిల్లుకు తీస్కపోవాలె. అమ్మనడగాల్నా, మూత తీసి సీదా తీసుకోవాల్నా? గుమ్మిల ఉన్నయన్నీ తినేటియే అయితే ఎట్ల తీసినా ఒకటే. కని మొన్ననే అమ్మ, "కిందున్న రెండు బస్తాల వడ్లు విత్తనాలకు, ముట్టొద్దు" అని మనసుల అనుకున్నది. అడిగినోనికి లెక్క సరిగ్గ చెప్తది. అడగకుంట తీసుకున్నోడు విత్తనాలు మిల్లుల పోస్తడు.

నా బిల్లు మెథడ్ చేసింది అదే. గెట్టర్ల కొత్త షరతు వచ్చి కూసున్నది, ఇంట్లోడైన బిల్లు మెథడ్‌కు ఆ కబురు అందలే.

ఇంతవరకు విన్నోళ్లు, "అయితే క్లాసు లోపట కూడ ఎప్పుడూ గెట్టర్‌నే పిలువాలె" అని తీర్పు చెప్తరు. నేను గూడ ఆ రాత్రి అదే అనుకున్న. అక్కడనే రెండో తప్పు చేసిన.

రెండో తప్పు

ఆ రాత్రి క్లాసు మొత్తం వెతికి, గెట్టర్ తప్ప మిగిలిన మెథడ్లల ధరను చదివే ప్రతి కాడ గెట్‌ధర() అని మార్చేసిన. కంప్యూటర్ల వెతికి మార్చే ఆప్షన్ ఉన్నది గదా, ఒక్క నిమిషం పని. బిల్లు సరిగ్గ వచ్చింది. నిమ్మలంగ పండుకున్న.

రెండో రోజు పొద్దుగాల చీటి మీద 54 వచ్చింది. మూడో రోజు 58.

ఏమైందంటే, అదే క్లాసుల ఎంట్రీని ఫైలుల దాచే మెథడ్ ఒకటి ఉండె. ఇదివరకు అది సీదా ఫీల్డుల ఉన్న 46 ను రాసేది. నేను మార్చినంక గెట్టర్‌ను అడిగి 50 రాసింది. మర్నాడు ఫైలుకెళ్లి చదివినప్పుడు 50 పోయి ఫీల్డుల కూసున్నది. గెట్టర్ దానికి ఇంకో 4 కలిపి 54 అన్నది. అదే మల్ల ఫైలుల పడ్డది. రోజుకు నాలుగు రూపాయలు పెరుగుకుంట పోయింది. మూడో రోజే కండ్లబడ్డది కాబట్టి సరిపోయింది. పదిహేను దినాలు అట్లనే పోతే ఈసారి కేంద్రమే మునుగు.

మల్ల గుమ్మి కాడికే పోదాం. గుమ్మిల ఎన్ని వడ్లున్నయో కొలిచి నోట్‌బుక్కుల రాయాలంటే అమ్మ చెప్పే లెక్క పనికిరాదు. ఆమె విత్తనాలు తీసేసి చెప్తది. కొలిచేటోడు మూత తీసి, ఉన్నది ఉన్నట్టు కొలువాలె.

అంటే నా ప్రోగ్రాంల ధర అనే ఒక్క పేరు కింద రెండు వేరే వేరే సంగతులు ఉన్నయి. ఒకటి, దాచిపెట్టిన ధర. ఇంకోటి, రైతుకు కట్టియ్యాల్సిన ధర. ఫైలుకు మొదటిది గావాలె, బిల్లుకు రెండోది గావాలె. "గెట్టరా, ఫీల్డా?" అని కొట్లాడుకుంట కూసుంటే ఇది కనపడది. అడగాల్సింది "ఈ లైనుకు ఏ సంగతి గావాలె?" అని. నాకు తెలిసి ఈ పంచాదికి ఇదే తీర్పు.

పెద్దోళ్లు గూడ ఒక్క మాట మీద లేరు

ఇది నా ఒక్కని తలనొప్పి కాదు. కెంట్ బెక్ 1996ల స్మాల్‌టాక్ భాష మీద రాసిన పుస్తకంల, ఫీల్డును సీదా తీసుకునుడు ఒక పద్ధతి, మెథడ్ ద్వారా తీసుకునుడు ఇంకో పద్ధతి అని రెండింటినీ పక్కపక్కన పెట్టి వివరించిండు. సీదా తీసుకుంటే చదువనీకి అల్కగ ఉంటది. మెథడ్ ద్వారా పోతే రేపు మార్చనీకి అల్కగ ఉంటది. మార్టిన్ ఫౌలర్ 1999ల రీఫ్యాక్టరింగ్ అనే పుస్తకంల క్లాసు తన ఫీల్డును తానే గెట్టర్ ద్వారా తీసుకునుడుకు ఒక పేరే పెట్టిండు, సెల్ఫ్ ఎన్‌క్యాప్సులేట్ ఫీల్డ్ అని. ఆయన సొంత అలవాటు ఏందంటే, ముందుగాల సీదా వాడుడు, అది అడ్డం పడ్డనాడు గెట్టర్‌కు మారుడు.

ఇంక బెర్ట్రాండ్ మేయర్ అనే ఆయన 1988లనే ఇంకో మాట చెప్పిండు. ఒక విలువ దాచిపెట్టిందా, అప్పటికప్పుడు లెక్క కట్టిందా అన్నది వాడుకునేటోనికి రాతల తేడా కనపడొద్దు అని. కొన్ని భాషలు ఈ మాట విన్నయి. సీ షార్ప్‌ల, పైథాన్‌ల ప్రాపర్టీ అని ఉంటది. ముందుగాల ఉత్త ఫీల్డు పెట్టుకొని, షరతు వచ్చిననాడు దాన్ని ప్రాపర్టీగ మార్చినా పిలిచే కాడ రాత మారది. కోట్లిన్‌ల అయితే నువ్వు క్లాసు లోపట ఉండి పేరు రాసినా, నువ్వు రాసిన గెట్టర్ నుంచే పోతది. అసలు విలువను ముట్టాలంటే ఆ గెట్టర్, సెట్టర్ లోపటనే, ఫీల్డ్ అనే ప్రత్యేక మాటతోని ముట్టాలె. ఈ భాషల నా బిల్లు తప్పు అంత అల్కగ జరగది. ఫైలు తప్పు మాత్రం జరుగుతది, యాది పెట్టుకోండ్రి.

జావాల ఆ సౌలత్ లేదు. ఫీల్డు ఫీల్డే, మెథడ్ మెథడే. అందుకే జావా చదివేటోళ్లు ముందే గెట్టర్లు రాసిపెట్టుకునే అలవాటు పడ్డది.

"గెట్టర్ పిలిస్తే స్లో అయితది గదా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగిండు. ఒకప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లల అది నిజమే. పాత డాల్విక్ కాలంల, క్లాసు లోపట గెట్టర్లు వాడకుండ్రి అని గూగుల్ వాళ్ల సలహాల పేజీలనే ఉండె. ఇప్పుడు ఆ రోజులు పోయినయి. కంప్యూటర్ మీద జావా నడిపే హాట్‌స్పాట్, మాటిమాటికి పిలిచే చిన్న గెట్టర్లను పిలుపే లేకుంట లోపటనే కలిపేస్తది. స్పీడు పేరు చెప్పి ఈ పంచాదిల తీర్పు ఇయ్యకుండ్రి.

పిల్ల క్లాసు వస్తే

ఇంకో రెండు గుంతలు చూపిస్త. ఇవి ఇంటర్వ్యూల మస్తు అడుగుతరు, పనిల గూడ మస్తు తగుల్తయి.

మొదటిది. పాలఎంట్రీ నుంచి బర్రెపాలఎంట్రీ అని సబ్‌క్లాస్ తీసినమనుకోండ్రి. అది గెట్‌ధర()ను మార్చి రాసుకొని, బర్రె పాలకు బోనస్ కలుపుతది. తల్లి క్లాసుల బిల్లు మెథడ్ సీదా ఫీల్డు వాడిందంటే, పిల్ల ఎంత మొత్తుకున్నా ఆ బోనస్ బిల్లుల పడది. గెట్టర్‌ను పిలిస్తేనే పిల్ల మాట వినపడ్తది. కాబట్టి పిల్ల క్లాసులు మార్చుకోవాలె అని నువ్వే అనుకున్న విలువ అయితే, తల్లి లోపట గూడ మెథడ్‌నే పిలువాలె.

అట్లని కన్‌స్ట్రక్టర్ల మాత్రం పిలువొద్దు. జావాల మామూలుగ తల్లి కన్‌స్ట్రక్టర్ ముందు నడుస్తది, పిల్లది తర్వాత. తల్లి తన కన్‌స్ట్రక్టర్ల గెట్‌ధర() అని పిలిస్తే, పిల్ల రాసుకున్న గెట్టరే నడుస్తది. కని పిల్ల బోనస్ ఫీల్డు ఇంకా నిండలే, సున్నా మీదనే ఉంటది. లెక్క సున్నాతోని కట్టబడ్తది. అది నంబర్ కాకుంట ఏదన్న ఆబ్జెక్ట్ అయితే నల్ పాయింటర్ అని ప్రోగ్రాం కూలబడ్తది. జాషువా బ్లాక్ తన ఎఫెక్టివ్ జావా పుస్తకంల ఈ సంగతి ఖరాఖండిగ చెప్పిండు, పిల్ల మార్చగలిగే మెథడ్‌ను కన్‌స్ట్రక్టర్ల పిలువొద్దని.

రెండోది. జావాల ప్రైవేట్ అంటే ఆ ఆబ్జెక్ట్ ఒక్కదానికే అని కాదు, ఆ క్లాసుకు అని. ఒక పాలఎంట్రీ ఇంకో పాలఎంట్రీ ఫీల్డుల చెయ్యి పెట్టొచ్చు. రెండు ఆబ్జెక్టులు సమానమా అని చూసే ఈక్వల్స్ మెథడ్ల మనమందరం అదే చేస్తం. మామూలుగ ఏం గాదు. కని హైబర్నేట్ లాంటివి వాడేటప్పుడు, డేటాబేస్ నుంచి ఇంకా నింపని ఆబ్జెక్ట్‌కు బదులు ప్రాక్సీ అనే ఒక ఉత్త బొమ్మను చేతుల పెట్టొచ్చు. దాని గెట్టర్‌ను పిలిస్తే అది పోయి డేటా తెస్తది. సీదా ఫీల్డు చూస్తే అండ్ల ఏం ఉండది, నల్. కాబట్టి నీ ఫీల్డు నువ్వు ముట్టుకునుడు ఒక లెక్క, పక్క ఆబ్జెక్ట్ ఫీల్డు ముట్టుకునుడు ఇంకో లెక్క. పక్కోన్ని అడిగి తీసుకునుడే మంచిది.

మరి నేను ఇప్పుడు ఎట్ల రాస్తున్న?

ఒకటి, ఫీల్డు రాయంగనే గెట్టర్, సెట్టర్ పుట్టియ్య. ఎడిటర్ల ఒక్క బటన్ నొక్కితే పది గెట్టర్లు, పది సెట్టర్లు వస్తయి. అన్నింటికీ పబ్లిక్ సెట్టర్ పెట్టినంక ఆ ఫీల్డు ప్రైవేట్ అని చెప్పుకునుడు, గుమ్మికి తాళమేసి తాళంచెవి దర్వాజకు వేలాడదీసినట్టు. బయటోళ్లకు నిజంగ అవసరమున్నదానికే గెట్టర్ పెడ్త.

రెండు, గెట్టర్ ఉత్తగ ఫీల్డును ఇచ్చేదే అయితే, క్లాసు లోపట నిమ్మలంగ సీదా ఫీల్డే వాడుత. చదువనీకి బాగుంటది. ఎవలన్న ఇది తప్పు అంటే ఊకోను.

మూడు, గెట్టర్ల ఒక షరతో, ఒక కూడికో పెట్టాల్సిన రోజు వస్తే ఆ రోజు ఆగుత. ఆ ఫీల్డు క్లాసుల ఎక్కడెక్కడ ఉన్నదో ఒక్కొక్క లైను కండ్లతోని చూస్త. ఈ లైనుకు దాచిపెట్టిన విలువ గావాల్నా, లెక్క కట్టిన విలువ గావాల్నా అని అడుగుత. ఒక్క నిమిషంల అన్నీ మార్చే ఆప్షన్ మాత్రం ముట్ట.

నాలుగు, ఇది అన్నిట్ల పెద్దది. రెండు సంగతులుంటే రెండు పేర్లు పెడ్త. నా క్లాసుల ఇప్పుడు ధర అనే పేరే లేదు. ఫీల్డు పేరు మూలధర, మెథడ్ పేరు చెల్లింపుధర(). బిల్లు మెథడ్ల మూలధర అని రాయబోతే నా కండ్లకే తప్పు కొడ్తది. ఫైలు మెథడ్ల చెల్లింపుధర() అని రాయబోతే చెయ్యి ఆగుతది. అట్ల పేరే కాపల కాస్తది. గెట్ అని ముందట తగిలిచ్చి ఫీల్డు పేరే మల్ల వాడుడు వల్ల నాకు ఆ రెండూ ఒకటే అన్న భ్రమ వచ్చింది.

నేను ఒక ఇన్‌స్టిట్యూట్‌ల నేర్చుకున్నప్పుడు గెట్టర్ ఎందుకు అని అడిగితే, "ఎన్‌క్యాప్సులేషన్ కోసం, ఇంటర్వ్యూల అట్లనే చెప్పు" అన్నరు. రాసుకున్న, చెప్పిన, మార్కులు గూడ వచ్చినయి. లోపట అర్థం కాలే. ఊర్లకెళ్లి వచ్చిన మనకు ఇంగ్లీషు మాట వినంగనే అదేదో మనకు తెల్వని పెద్ద సంగతి అనిపిస్తది, అడగనీకి భయమైతది. అండ్ల ఉన్నది గుమ్మి, అమ్మ, విత్తనాల ముచ్చటే. మన భాషల ఒకరికి చెప్పి చూడుండ్రి. చెప్పొస్తే మీకు వచ్చినట్టు. రాకుంటే మల్ల చదువాలె.

ఆ 360 రూపాయలు తర్వాతి బిల్లుల కలిపి ఇచ్చినం, అందరివీ. బిల్లులు పంచే రోజు కేంద్రం ముందట నిలబడి, తప్పు నాది, సెక్రటరీ బాపుది కాదు అని చెప్పిన. ఆయన ఏమనలే, "ఇంకోసారి చూసి రాయి బిడ్డా" అన్నడు.

ఇప్పుడు నా ప్రోగ్రాంల ఒక చిన్న టెస్ట్ ఉన్నది. ఒక ఎంట్రీ తీసుకొని, చీటి మీది ధరను లీటర్లతోని గుణిస్తది, బిల్లు మెథడ్ ఇచ్చిన లెక్కతోని సరిచూస్తది. ఫైలుల దాచి, మల్ల చదివి, ఇంకోసారి సరిచూస్తది. తేడా ఉంటే బిల్లులు ప్రింటు కావు. నాలుగైదు లైన్లే. దీన్ని రాసింది నేనే, కని చెయ్యి పట్టి నేర్పింది పెద్దమ్మ. చీటిని, బిల్లును పక్కపక్కన పెట్టి చూడాలన్న సోయి నాకంటె ముందు ఆమెకే వచ్చింది.